సీనుగాడి మార్కులు

నేను ఒక రక్తపరీక్ష యంత్రాన్ని. ఇడ్లీ కుక్కర్‌కు ఇంగ్లీషు చదువు చెప్పిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాను. ఒంట్లో సూక్ష్మక్రిములతో పోరు మొదలైతే కాలేయం సీఆర్పీ అనే ప్రొటీన్‌ను రక్తంలోకి వదులుతుంది. అది ఎంతుందో ఒక్క చుక్కలో కొలిచి, అంకె చూపించి, కూ అని కూత పెట్టడం నా ఉద్యోగం. పిల్లలకు నిమ్ము బాక్టీరియా వల్ల వస్తే అంకె బాగా పెరుగుతుంది. వైరస్ వల్లనైతే అంతగా పెరగదు. ఎప్పుడూ అలాగే జరగదని డాక్టర్లు అంటారు. వాళ్లకు నా మీద కొంచెం అసూయ. అక్కర్లేని పిల్లలకు యాంటీబయాటిక్ పడకుండా ఆపడంలో నాకూ ఒక చెయ్యి ఉంది. నిజానికి నాకు చేతులు లేవు.

పుట్టింది సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో. అక్కడ నన్ను ముట్టుకోవడానికి కూడా తొడుగులు వేసుకునేవారు. హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రి నన్ను కొనుక్కుంది. నాకంటే సన్నగా ఉన్న కొత్త మోడల్ రాగానే వదిలించుకుంది. మనుషులు పెళ్లిచూపుల్లోనే కాదు, ల్యాబుల్లో కూడా అలాగే ఉంటారు.

అలా జగిత్యాలలో డాక్టర్ తస్లీమా నడిపే పిల్లల ఆసుపత్రికి చేరాను. తొలిరోజు ల్యాబ్ టెక్నీషియన్ రమణాచారి నా ముందు కొబ్బరికాయ కొట్టి బొట్టు పెట్టాడు. సరిగ్గా రక్తం చూసే కన్ను మీద పెట్టాడు. ఆ పూట వచ్చిన వాళ్లందరికీ ఒకటే అంకె చూపించాను.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం గౌరవ్వ అనే ముసలామె తన మూడేళ్ల మనుమడిని ఎత్తుకొని వచ్చింది. పిల్లవాడి పేరు శ్రేయాన్ష్. తల్లిదండ్రులు ఫోన్‌లో వెతికి పెట్టారట. ఆ పేరుకు నోరు తిరగక గౌరవ్వ సీనుగాడు అని పిలిచేది. వాడూ దానికే పలికేవాడు. ఆ రోజు దానికీ పలకలేదు. జ్వరం, దగ్గు, ఆయాసం.

డాక్టర్ గదికీ ల్యాబ్‌కూ మధ్య ఉన్నది ఒక్క పరదా. నాకు అన్నీ వినబడతాయి, పరదా తొలగితే కనబడతాయి కూడా.

“రక్తంలో మార్కర్ ఎంతుందో చూద్దాం అవ్వా,” అంది డాక్టర్.

“మార్కులా? వీడింక బడికే పోలే గద డాక్టరమ్మా!”

చుక్క వచ్చింది. కొలిచాను.

“పదకొండు,” అన్నాడు రమణాచారి.

గౌరవ్వ కూలబడింది. “పదకొండేనా! వీనయ్య గూడ గంతే. లెక్కలల్ల ఎన్నడు పాసు గాలే.”

“ఏ, గట్ల గాదవ్వా. దీంట్ల తక్కువొస్తెనే మంచిది,” అన్నాడు రమణాచారి.

“గా ముచ్చట ముందుగాల చెప్పద్దా! మరి ఇంటికి పోతం. పొయ్యి మీద పాలు పెట్టొచ్చిన.”

మనుమడిని భుజాన వేసుకొని చెప్పులు వెతుక్కోసాగింది. నా అంకెను అంత గట్టిగా నమ్మిన మనిషిని అంతకు ముందు చూడలేదు. నాకు గర్వంగా ఉంది. డాక్టర్ మాత్రం పిల్లవాడి చొక్కా పైకి లేపి, గడియారం పట్టుకొని, రొమ్మునే చూస్తోంది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది.

“ఆగవ్వా. జరం పొద్దుగాలనే మొదలైంది గద, రక్తంల అంకె పెరగనీకి ఒక దినం పడ్తది, మిషన్‌కు ఇంక తెల్వదు. పిల్లగాని పక్కబొక్కలు ఇప్పుడే చెప్తున్నయ్. గిట్ల తోల్కపోతే రాత్రికి ఊపిరాడదు.”

అప్పటికప్పుడు ఆక్సిజన్ పెట్టించి, యాంటీబయాటిక్ సూది వేయించింది. నా మాట పక్కన పెట్టి! నేను అలిగాను. ఎవరూ గమనించలేదు.

మరునాడు రెండో చుక్క వచ్చింది. ఈసారి రమణాచారి అంకెను కాగితం మీద రాసుకున్నాడు. గౌరవ్వే అడిగింది.

“ఎన్నొచ్చినయ్ బిడ్డా?”

“నూట ముప్పై ఎనిమిది.”

“వందకా?”

ఎక్కువ రావడం మంచిది కాదని ఆమెకు నిన్ననే తెలిసింది. పరదా పట్టుకొని నిలబడింది. “బతుకుతడా?” అంది. నా వైపే చూస్తూ అంది. అది నేను కొలవగలిగిన సంగతి కాదు.

“మందు నిన్ననే పడ్డది అవ్వా,” అంది డాక్టర్. “గదే మన ధైర్యం. చూద్దాం.”

కొందరు పిల్లల రెండో చుక్క వస్తుంది, మూడోది రాదు. బాగై ఇంటికి పోయి ఉంటారని అనుకుంటాను. అలా అనుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సీనుగాడి మూడో చుక్క వచ్చింది. నలభై చూపించాను. రమణాచారి గట్టిగా చదివాడు, పరదా అవతలికి వినబడేలా.

గౌరవ్వ బూందీ తెప్పించి మంచం మంచానికీ పంచింది. “మా సీనుగానికి మార్కులు తగ్గినయ్! తీసుకోన్రి, తీసుకోన్రి!” పక్క మంచం పిల్ల తండ్రి కొత్తగా వచ్చినవాడు. బూందీ నోట్లో వేసుకొని, “ట్యూషన్ పెట్టియ్యున్రి అవ్వా,” అన్నాడు పాపం.

ఇంటికి పోయే రోజు ఆమె మనుమడిని నా ముందు నిలబెట్టింది.

“గీ మిషనే రా నీ మార్కులు చెప్పింది. దండం పెట్టు.”

వాడు పెట్టలేదు. లోపల ఎవరున్నారో చూద్దామని నా అద్దానికి ముక్కు ఆనించాడు. వాడి ఊపిరి తగిలి అద్దం మసకబారింది. ఇన్నేళ్లూ పిల్లల రక్తమే నా దాకా వచ్చింది, ఊపిరి రావడం అదే మొదటిసారి. దానికి చూపించడానికి నా దగ్గర అంకె ఏదీ లేదు.

రమణాచారి గుడ్డ తెచ్చి తుడిచాడు. సీనుగాడు మళ్లీ ఊదాడు.