ఆమేన్ అనని రెబెకమ్మ

"బాగుండే చీర కట్టుకో మే. ఈ పొద్దు అందరూ నిన్నే చూస్తారు," అన్నాడు మొగుడు దానియేలు, అద్దం ముందు మీసం దువ్వుకుంటూ. చర్చిలో ప్రేమవిందుకని రెబెకమ్మ తెల్లారకముందే లేచి గంపెడు ఉల్లిపాయలు తరుగుతోంది. ఈ పొద్దు ఆయన్ని సంఘపెద్దగా నిలబెడుతున్నారు. విందుకు వంట మాత్రం పెద్దగారి భార్యది.

బాప్తిస్మానికి ముందు ఆయన పేరు ధనుంజయ. ఉదయగిరి, ఆత్మకూరు దోవలో ఆటో తోలేవాడు, తాగేవాడు, ఇంటికొచ్చి కొట్టేవాడు. నీళ్లలో మునిగి లేచాక పేరు మారింది, తాగుడు పోయింది, చేయి ఆగింది. అబద్ధమెందుకు, అంతా నిజమే. కాకపోతే ఆదివారం వస్తే చాలు, మైకు పట్టుకుని సాక్ష్యం మొదలుపెడతాడు. "నేను కొట్టిన దెబ్బకి నా భార్య ఎడమ చెవి పోయినాది. అట్టాంటి ఘోరపాపిని ప్రభువు విమోచించినాడు!" సంఘమంతా హల్లెలూయా అంటుంది. ఆడవాళ్లు కళ్లొత్తుకుంటూ ఆమె ముసుగు వైపు తిరిగి చూస్తారు. దుత్తలూరు కూటాల్లోనూ అదే, అనంతసాగరంలోనూ అదే. ఆమె చెవి ఆమెకంటే ఎక్కువ ఊళ్లు తిరిగింది.

విమోచన అంటే వెల ఇచ్చి విడిపించడమని పాస్టరయ్య చెబుతాడు. ఆ వెల ప్రభువు సిలువ మీద ఇచ్చాడని తలచుకుంటే రెబెకమ్మకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. మరి నా చెవి సంగతేంది ప్రభువా అని ప్రార్థనలో ఎన్నిసార్లు అడిగిందో. మోకాళ్ల మీద పడి దేవుడి ముందు భోరున ఏడ్చిన మనిషి, తన దగ్గర ఒక్కసారన్నా తప్పయిందనలేదు. ఒకరోజు సిగ్గు విడిచి అడిగేసింది.

"దేవుడే క్షమించినాక మళ్లీ నీ దగ్గరేంది మే?" అన్నాడు.

అత్త పెంచలమ్మ అందుకుంది. "తాగుడు మానినాడు, కొట్టడం మానినాడు. ఇంకేం కావాలంట? దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడన్నట్టుండాది నీ వరస."

వాళ్ల సంఘంలో ఒక ఆచారముంది. పెద్దగా నిలబడేవాడి భార్య లేచి ఆమేన్ అంటేనే పాస్టరు అతని తల మీద చేతులుంచుతాడు. ఎన్నడూ మైకు అందని ఆడవాళ్లకు ఆ ఒక్క మాట వరకు అందుతుంది.

"అమ్మా, ఇంట్లో ఈయన నింద లేనివాడేనా?" చర్చిలో అందరి ముందూ పాస్టరయ్య మైకు ఆమెకిచ్చాడు.

రెబెకమ్మ మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది. "అయ్యా, ఎవురికన్నా అన్యాయం చేసుంటే, తెచ్చిన కానుక బలిపీఠం ముందే పెట్టి, పోయి వాళ్లతో సమాధానపడి రమ్మని మీరే చెప్పినారు. ఈయన కానుక తెచ్చినాడు. నా దగ్గరికి మాత్రం ఇంకా రాలా."

"ఆమేన్ అను మే, పరువు పోతాది," దానియేలు పళ్లు నూరాడు.

పాస్టరయ్య నెమ్మదిగా నచ్చజెప్పబోయాడు. "దేవుడు ఆయన్ని క్షమించాడు కదమ్మా."

"ఆయన కొట్టింది దేవుణ్ణి కాదయ్యా, నన్ను," అంది రెబెకమ్మ.