సున్నం చుక్కల దిబ్బ

మా ఆయన కాలనీ సంఘానికి కార్యదర్శి అయ్యాక చేసిన మొదటి వాగ్దానం, క్వారీ చెరువులో ఉన్న గులకరాళ్ల దిబ్బను పచ్చగా మారుస్తానని. సమావేశంలో అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఆ దిబ్బ పచ్చబడకూడదని ఆ హాల్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

దాన్ని చెరువు అంటాం గానీ, అది తవ్వి వదిలేసిన గొయ్యి. ఎవరో కంపెనీవాళ్లు కావలసినంత గులక ఎత్తుకుపోయారు, మిగిలినచోట వాన నీళ్లు నిలిచాయి. ఒక పక్క జమ్ము పెరిగింది. ఇంకోపక్క గట్టు నుంచి నీళ్లలోకి నాలుకలా చాచుకుని ఈ దిబ్బ ఉంటుంది. గడ్డిపోచ కూడా లేని ఉత్త రాళ్లు. కాలనీ బాల్కనీల్లోంచి చూసేవాళ్లకు అది బట్టతలలా కనిపిస్తుందట. సంఘం అధ్యక్షులవారు మాత్రం ఆ పోలిక వాడరు. కారణం ఆయన్ను ఎదురుగా చూస్తే తెలుస్తుంది.

మూడేళ్లుగా నేను పొద్దున్నే ఆ గట్టుకు వెళ్తున్నాను. ఒక టెలిస్కోపు, దానికి మూడుకాళ్ల స్టాండు, ఒక ఫ్లాస్కు. మోకాళ్లకు నడక మంచిదని డాక్టరు చెప్పినప్పటి నుంచి మా అత్తగారు కూడా వస్తున్నారు. ఆవిడ నడిచేది మడత కుర్చీ వేసేదాకానే. ఆపైన కూర్చుని, పిట్టల సంసారాల మీద తీర్పులు చెబుతారు. బుడబుంగ పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంటే, "గారాబం ఎక్కువైంది, ఇక అవి దిగవు" అంటారు. జమ్ములో నీటికోళ్లు జుట్టూ జుట్టూ పట్టుకున్నట్టు పోట్లాడుకుంటే, "వాటా తేలలేదు" అంటారు. గుడ్లు పెట్టే కాలంలో ఆవిడకు టీవీ అక్కర్లేదు.

ఆ దిబ్బ మీద గుడ్లు పెట్టేది అరచేతిలో పట్టేంత చిన్న పిట్ట. ఇసుకరంగు వీపు, మెడకు నల్లటి పట్టీ, కంటి చుట్టూ పసుప్పచ్చని అంచు. పుస్తకంలో దానికి నోరు తిరగని పేరుంది. మా అత్తగారు మొదటిరోజే దానికి కళ్లజోడు పిట్ట అని పేరు పెట్టేశారు, అదే ఖాయమైపోయింది. నాలుగడుగులు పరుగెత్తడం, టక్కున ఆగడం, మళ్లీ పరుగెత్తడం. ఆగినప్పుడల్లా అది మాయమైపోతుంది. అక్కడే ఉంటుంది, మనకు కనిపించదు. గూడు కట్టదు. రాళ్ల మధ్య చిన్న గుంట చేసుకుని, రాళ్లలాంటి గుడ్లు పెట్టి, తను కూడా ఒక రాయిలా వాటి మీద కూర్చుంటుంది.

ఈ ఏడాది దాని గూడు దొరికింది అత్తగారి వల్లే. కుర్చీలో కాళ్లు తిమ్మిరెక్కాయని ఆవిడ లేచి దిబ్బ మీదికి నాలుగడుగులు వేశారు.

"అమ్మాయ్! ఇటు రా, దీనికి రెక్క విరిగింది. పాపం, ఈడ్చుకుంటూ పోతోంది."

"విరగలేదు అత్తయ్యా, నటిస్తోంది. మీరు దాని గుడ్ల దగ్గరున్నారు. మిమ్మల్ని అటు లాక్కుపోవాలని చూస్తోంది. కదలకండి."

"నటనా!" ఆవిడ ఉన్నచోటే నిలబడి కాసేపు దాన్ని మెచ్చుకోలుగా చూశారు. "మీ మామయ్యా అంతే, చేతికి సంచీ ఇవ్వగానే నడుం పట్టేసేది. ఇంత బాగా మాత్రం చేసేవారు కాదు."

వచ్చిన అడుగుల మీదే ఆవిడను వెనక్కి నడిపించాను. గట్టు మీద కూర్చుని కదలకుండా చూస్తే, చాలాసేపటికి ఆ పిట్ట పరుగెత్తుతూ ఆగుతూ వచ్చి, తుప్పుపట్టిన పైపు పక్కన రాళ్లలో సర్దుకుంది. కాసేపటికి జతలో రెండోది వచ్చి దాన్ని లేపి తను కూర్చుంది. ఆడా మగా వంతులవారీగా పొదుగుతాయి. ఒక్కోసారి దిబ్బ అవతలి కొసలో కూడా ఒక పిట్ట చతికిలబడి కనిపించేది. వంతు దిగిన పిట్ట అలసట తీర్చుకుంటోందని అనుకున్నాను.

గూడు సంగతి ఆ రోజే మా ఆయనకు చెప్పాను. ఊ కొట్టారు. తర్వాత ఒకరోజు భోజనాల దగ్గర, వచ్చే ఆదివారమే మొక్కలు నాటే కార్యక్రమమని ప్రకటించారు.

"దిబ్బ మీదేనా?"

"మరెక్కడ? వంద మొక్కలు, వందమంది మనుషులు. నీ పిట్ట గురించి ఆలోచించాలే. గూడు చుట్టూ తాడు కట్టి బోర్డు పెడతాం."

"తాడు పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంటారు. వాళ్లున్నంతసేపూ పిట్ట గూటికి రాదు. ఎండకి గుడ్లు ఉడికిపోతాయి."

"అయినా మొక్కలొస్తే పిట్టలకి మంచిదేగా! నీడ ఉంటుంది, కొమ్మలుంటాయి."

"ఈ పిట్టకి కొమ్మలతో పనిలేదు. కొమ్మ వస్తే కాకి వచ్చి కూర్చుంటుంది. కాకి పైనుంచి తీరిగ్గా చూసిందంటే గుడ్లు మిగలవు. రాళ్లు బోసిగా ఉంటేనే ఇది బతికేది."

"ప్రతిదానికీ నీ దగ్గర ఒక సమాధానం ఉంటుంది."

"ఉంటుంది" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టారు. "ఇదిగో, అధ్యక్షులవారు బ్యానరు కూడా అచ్చు వేయించారు. ఇవాళ సాయంత్రం నేనే వెళ్లి, ఎక్కడెక్కడ మొక్క రావాలో సున్నంతో గుర్తులు పెట్టొచ్చాను. మొదటి పనే చేయలేకపోతే ఆ సంఘంలో నా మొహం ఎవరు చూస్తారు?"

వడ్డిస్తున్న గరిటె గిన్నెలోనే వదిలేశాను. "దిబ్బ మీద నడిచారా?"

"నడవకుండా ఎగురుతానా? నీ పైపు దగ్గరికి పోలేదులే. మిగతా అంతా చూసుకుంటూనే నడిచాను. రాళ్లు తప్ప ఏమీ లేవక్కడ."

ఆ మాటతో నాకు దారి దొరికింది. వాదనలో ఆయన్ను ఓడిస్తే మూడు రోజులు మాట్లాడరు. పందెంలో ఓడితే నవ్వేస్తారు.

"సరే, ఒక పందెం. రేపు పొద్దున్న గట్టు మీదికి రండి. టెలిస్కోపు ఇస్తాను. ఫ్లాస్కులో టీ అయిపోయేలోపు, గుడ్ల మీద కూర్చున్న పిట్టని నాకు చూపించండి. చూపిస్తే మీ తాడు నేనే కడతాను, ఆదివారం దిబ్బ మీద ఏం చేసినా నోరెత్తను. చూపించలేకపోతే మొక్కలన్నీ రోడ్డు పక్కకి పోతాయి. అక్కడ నీడ కావాలని జనం ఎప్పటినుంచో అడుగుతున్నారు."

"పైపు పక్కనే ఉందని నువ్వే చెప్పావుగా!"

"చెప్పాను. అయినా చూపించలేరు."

"ఇదేం పొగరే!" అన్నారు గానీ, ఒప్పుకున్నారు. అత్తగారిని తీర్పరిగా పెట్టాం. "నాకు ఇద్దరూ సమానమే" అన్నారు ఆవిడ. "కాకపోతే వాడు నా కడుపున పుట్టాడు."

నాకు బెంగ లేదు. మా ఆయన లిఫ్టు వచ్చేదాకా నిలబడలేక మెట్లెక్కే మనిషి. కదలని పిట్టను వెతకాలంటే కళ్లకన్నా ముందు ఓపిక కావాలి.

మర్నాడు పొద్దున్న అనుకున్నట్టే జరిగింది. ఆయన పైపును ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు చూశారు. "అదిగో" అన్నారు. రాయి. "ఇదిగో" అన్నారు. మట్టిపెళ్ల. ఈసారి గట్టిగా "దొరికింది!" అన్నారు. సీసా మూత. నేను మాత్రం మామూలు కంటితోనే దాన్ని చూడగలుగుతున్నాను, ఎక్కడ చూడాలో తెలుసు కనుక. పైపు నీడ తెగేచోట, హాయిగా కూర్చుని ఉంది.

అత్తగారు టీ వంచుకుంటున్నారు. ఒక గుక్క తాగి, కప్పును ఒళ్లో పెట్టుకుని, నీళ్లకేసి చూసి, మళ్లీ ఇంకో గుక్క.

"అత్తయ్యా, మీరు రోజూ ఇంత నెమ్మదిగా తాగరు."

"వేడిగా ఉందమ్మాయ్."

"ఆ ఫ్లాస్కులో టీ అంత వేడిగా ఎప్పుడుంది?"

"ఇవాళ ఉంది."

ఫ్లాస్కు సగమయ్యేసరికి ఆయన ఓపిక మొత్తం అయిపోయింది. పిట్టను వదిలేసి, టెలిస్కోపును అవతలి కొసకు తిప్పి తన గుర్తులు చూసుకోవడం మొదలుపెట్టారు. ఓడిపోయే మనిషికి కనీసం తను చేసిన పని చూసుకునే హక్కుందని నేనూ ఊరుకున్నాను.

"రెండో వరుస కొంచెం వంకర పోయింది. మూడోది బాగానే ఉంది. ఈ చివర గుర్తు..." ఆయన ఆగారు. "నా గుర్తు మీద ఎవరో కూర్చున్నారు."

నేను వంగి చూశాను. సున్నం చుక్కకు ఆనుకుని, నల్లపట్టీ, పసుప్పచ్చ కన్ను.

"అది జతలో రెండోది" అన్నాను. "అలసట తీర్చుకుంటోంది. గూటి మీదది పైపు దగ్గరే ఉంది, చూడండి." మాట పూర్తిచేస్తూనే పైపుకేసి చూశాను. ఉంది. ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ. లెక్క సరిపోయింది.

అప్పుడే నీటి అంచు నుంచి ఇంకో పిట్ట బయల్దేరింది. నాలుగడుగులు పరుగు, ఆగడం. నాలుగడుగులు, ఆగడం. నేరుగా సున్నం చుక్క దగ్గరికి వచ్చింది.

జత అంటే రెండే. ఇది మూడోది.

కూర్చున్న పిట్ట లేచి పక్కకు తప్పుకుంది. కొత్తగా వచ్చిన పిట్ట వెంటనే కూర్చోలేదు, తలవంచి ఒక్క క్షణం కిందకు చూసింది. ఆ క్షణంలో నాకూ కనిపించాయి. మొనలు లోపలికి పెట్టుకుని ఒద్దికగా ఉన్న గుడ్లు. ఒకటి మినహా అన్నీ రాళ్లలానే ఉన్నాయి. ఆ ఒక్కటీ తెల్లగా ఉంది.

"ఏమైంది? మాట్లాడవేం?"

నేను పక్కకు జరిగాను. ఆయన కన్ను ఆనించారు. పిట్ట ఇంకా పూర్తిగా కూర్చోలేదు.

"ఇవి తెల్లగుడ్లు పెడతాయా?"

"పెట్టవు. అది మీ సున్నం."

ఆయన చాలాసేపు టెలిస్కోపు వదల్లేదు. అంతసేపు ఒకచోట నిలబడగా నేనెప్పుడూ చూడలేదు. తర్వాత నెమ్మదిగా నిటారుగా అయ్యి, తన బూట్లకేసి చూసుకున్నారు.

"డబ్బాలోంచి పిడికిలితో తీసి పోశాను. ఒక కాలు ఇక్కడ, ఒక కాలు ఇక్కడ." గట్టు మీద కాళ్లు ఎడం చేసి చూపించారు. ఆ రెండు బూట్ల మధ్య ఒక పళ్లెం పట్టేంత చోటుంది. "చూసుకుంటూనే నడిచానే! నిజంగా చూసుకుంటూనే నడిచాను."

"నాకు తెలుసు" అన్నాను.

"గుడ్డు పాడైపోతుందా?"

"పొడి సున్నమేగా. పిట్ట ఒప్పుకుని కూర్చుంది, అది చాలు. కాకపోతే అది లేచినప్పుడు కాకికి మిగతావాటికన్నా త్వరగా కనిపిస్తుంది."

ఆయన మెడ ఎత్తి ఆకాశమంతా వెతికారు, కాకులన్నీ ఆయన పేరు రాసుకుని వస్తున్నట్టు.

అత్తగారు ఫ్లాస్కు ఊపి చూశారు. "ఇంకా ఉందర్రా. ఇంతకీ వాడు గెలిచినట్టా, ఓడినట్టా?"

"గెలిచారు" అన్నాను. లెక్క లెక్కే. "గుడ్ల మీద కూర్చున్న పిట్టని చూపించమన్నాను, చూపించారు. ఏ గూడో నేను చెప్పలేదు. పదండి, తాడు తెస్తాను. రెండు గూళ్లకి సరిపడా."

"మూడోది ఉంటే?"

నేను దిబ్బ మీద మిగతా రాళ్లకేసి చూశాను. నా దగ్గర సమాధానం లేకపోవడం ఆయన గమనించారు.

"మూడేళ్లుగా రోజూ చూస్తున్నావు. నీకే కనపడలేదు. వందమంది చెప్పులకి ఏం కనపడుతుంది?" అన్నారు.

అందులో దెప్పు ఎంతో, ఒప్పుకోలు ఎంతో విడదీయడం కష్టం. రెండూ తీసుకున్నాను.

ఆయన అక్కడే ఫోను తీసి అధ్యక్షులవారికి చేశారు. అధ్యక్షులవారు ఫోనులో కూడా సభలోలాగే మాట్లాడతారు కాబట్టి మాకూ వినిపించింది.

"రోడ్డు పక్కకా? ఇప్పుడా? 'పచ్చని దిబ్బ' అని బ్యానరు అచ్చయిపోయిందయ్యా!"

"దిబ్బ అన్న మాట మీద మొక్క బొమ్మ అంటిద్దాం సార్. ఇక్కడ చెట్లు రాకూడదండీ. కొమ్మ వస్తే కాకి వస్తుంది. ఈ పిట్టలకి రాళ్లు బోసిగానే ఉండాలి. అవునండీ, నేనే కనిపెట్టాను. లేదు లేదు, మా ఆవిడకి కూడా తెలీదు."

నేను నోరు తెరిచాను. అత్తగారు నా మోచేయి పట్టుకున్నారు. "ఊరుకో. ఇప్పుడు అది వాడి పిట్ట. నీ పిట్టగా ఉన్నప్పుడు ఏం ఒరిగింది?"

ఫ్లాస్కు మూత బిగించాను.

ఆదివారం మొక్కలు రోడ్డు పక్కన నాటారు. అధ్యక్షులవారు ప్రతి పదో మొక్కకూ చప్పట్లు కొట్టించారు. మా ఆయన దిబ్బ మొదట్లో, ఈ కొస నుంచి ఆ కొసకు తాడు కట్టేశారు. గూళ్లకు కాదు, దిబ్బ మొత్తానికి. ఫొటో కోసం తాడు దాటబోయిన వాళ్లను ఎంత గట్టిగా అదిలించారంటే, నేనే వెళ్లి, "మీ అరుపులకి పిట్టలు లేస్తాయి" అని చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత చేతులతో మాత్రమే అదిలించారు. తెల్లగుడ్డు మీద పిట్ట కూర్చునే ఉంది. పైపు దగ్గరదీ కూర్చునే ఉంది.

నేను పార పట్టలేదు. టెలిస్కోపు దగ్గర కూర్చుని, దిబ్బను ఎడమ చివర నుంచి మొదలుపెట్టి, చాప పరిచినట్టు వరసలు వరసలుగా చూసుకుంటూ వచ్చాను. కన్ను ఆగిన ప్రతి రాయినీ అది కదిలేదాకానో, కదలదని తేలేదాకానో చూశాను. కుడి చివరకు చేరేసరికి ఎండ నెత్తిన పడింది.

మా ఆయన మట్టి చేతులతో వచ్చి నా వెనక నిలబడ్డారు.

"మూడోది దొరికిందా?"

"లేదు."

"లేదంటే, లేనట్టా? నీకు కనపడనట్టా?"

"లేనట్టే" అన్నాను, వెనక్కి తిరక్కుండా.

ఆయన వెళ్లేదాకా ఆగి, టెలిస్కోపును మళ్లీ ఎడమ చివరకు తిప్పాను.