తలో చెయ్యి

ఆరోగ్య కేంద్రంలో ఆమెకిచ్చిన గది మందుల స్టోరు పక్కది. ఆమె ఆక్యుపేషనల్ థెరపిస్టు. పక్షవాతంతోనో ప్రమాదంలోనో చెయ్యో కాలో పడిపోతే, మనిషి మళ్ళీ తన పని తాను చేసుకునేలా నేర్పడం ఆమె చదువు. వచ్చినప్పటి నుంచీ, ఈ ఏడు నెలలుగా, ఆమెకు అప్పగించిన పని మాత్రం చీటీల మీద ముద్ర కొట్టడం. గదిలోని బంతులు, చెక్కముక్కలు చూసి కాంపౌండరు ఆమెను ‘ఆటల టీచరమ్మ’ అనేవాడు. నవ్వి ఊరుకునేది.

ఆ సోమవారం ఒక దర్జీ ఆవిడ బీపీ మాత్రల చీటీ ఎడమచేత్తో అందించింది. కుడిచెయ్యి శాలువా కింద ఉంది.

“ఆ చెయ్యి చూపించండి.”

“ఎందుకులే మేడమ్, చచ్చిన చెయ్యి.”

వేళ్ళు పిడికిలిగా బిగుసుకుపోయాయి. మెల్లగా విప్పితే అరచేతిలో గోళ్ళు దిగిన పుండ్లు.

“ఎన్నాళ్ళయింది?”

“పక్షవాతం వచ్చి ఆర్నెల్లు. నెలనెలా వస్తూనే ఉన్నా. బీపీ బాగుందంటున్నారు. నా జాకెట్టు హుక్కులు కూడా మా చెల్లెలే పెడుతోంది. ఇంతమందికి బట్టలు కుట్టినదాన్ని...”

థెరపిస్టుకు ఒళ్ళు మండిపోయింది. ఆరు చీటీల మీదా ముద్ర తనదే. ఒక్కసారీ తలెత్తి చూడలేదు. ఆవిణ్ణి వెంటబెట్టుకుని తిన్నగా డాక్టరు గదిలోకి నడిచింది.

“ఈమెను నా దగ్గరికి ఎందుకు పంపలేదు సార్?”

డాక్టరు కలం ఆపలేదు. “అది మందుతో పోయేది కాదమ్మా.”

“మందుతో పోదనే కదా నన్నిక్కడ వేసింది!”

“బయట యాభై మంది ఉన్నారు. అరవకండి.”

“అరుస్తాను. ప్రాణం నిలబెట్టారు, సరే. ఆ ప్రాణంతో ఆమె ఎలా బతుకుతుందో ఎవరైనా అడిగారా? అందరం తలో చెయ్యీ వేసి ఆమె చెయ్యి పోగొట్టాం. నేను కూడా!”

గుమ్మంలో నిలబడ్డ నర్సు నోరు విప్పింది. “నిజమే సార్. ఇళ్ళకు తిరిగినప్పుడు ఇలాంటివాళ్ళను ఇంకో నలుగురిని చూశా. ఎవరికి చెప్పాలో తెలియలేదు.”

డాక్టరు మొహం ఎర్రబడింది. “అయితే ఈ థెరపిస్టమ్మ బల్ల ఇక్కడే వేయించండి!” అన్నాడు నర్సుతో విసురుగా.

విసురుగానే అయినా, అన్నాడు. మర్నాటి నుంచి పక్షవాతం వచ్చిన ప్రతి మనిషినీ ఆయన తర్వాత ఆమె చూసింది.

నాలుగు నెలలకు దర్జీ ఆవిడ వేళ్ళు సగం విచ్చుకున్నాయి. ఆ చేత్తో గుడ్డ అదిమిపట్టి ఎడమచేత్తో కత్తిరించడం నేర్చుకుంది. హుక్కులు తనే పెట్టుకుంటోంది. మిషను మీద మాత్రం కుట్టు వంకర్లు పోతూనే ఉంది.

“మొదట్లోనే చూసుంటే?” అని అడిగింది ఒకరోజు.

“చెయ్యి చాలావరకు వచ్చేదమ్మా.”

ఆవిడ కత్తెర బల్ల మీద విసిరేసి వెళ్ళిపోయింది.

మళ్ళీ వారం ఆవిడే వచ్చింది, తమ వీధిలో పాలు పోసే అతని రెక్క పట్టుకుని. అతని మూతి ఇంకా వంకరగానే ఉంది.

“పక్షవాతం వచ్చి పది రోజులైంది ఇతనికి. డాక్టరుగారూ మీరూ ఇద్దరూ ఇవాళే చూడండి,” అంది, కూర్చోమన్నా కూర్చోకుండా.