తోలులో చిల్లు

మా అమ్మ సెదీల్‌కీ, తోళ్ల మేస్త్రి ఎవ్రార్‌కీ ఒక్క క్షణం పడదని మా వీధి వీధంతా అనుకునేది. పారిస్‌లో, నదికి దక్షిణాన, సెవెరిన్ చర్చి వెనకాల ఉండే ఇరుకు వీధి మాది. పుస్తకం తప్ప వేరే బతుకు ఎరిగిన ఇళ్లు అక్కడ తక్కువ. ఎవ్రార్ లాంటివాళ్లు ఊరి చివర వాగు ఒడ్డున తోలు గీకి పత్రాలు చేస్తారు, ఒకరు వాటి మీద రాస్తారు, ఇంకొకరు అట్టలు వేసి కుడతారు. మేం బొమ్మలు వేసేవాళ్లం. నాన్న జ్వరంతో పోయాక ఆయన కుంచెలు అమ్మ చేతికొచ్చాయి. అంచుల్లో అమ్మ వేసే తీగలూ ఆకులూ నా చేతికొచ్చాయి. నన్ను ఒదెలీన్ అంటారు. అప్పటికి నాకు పెళ్లీడు వచ్చింది గానీ, ధ్యాసంతా ఇంగిలీకపు ఎర్రరంగు మీదే ఉండేది.

ఎవ్రార్ భార్య తొలికాన్పులోనే పోయింది. మనిషి ఆజానుబాహుడు. కనుబొమలు రెండు గడ్డిమోపులు. ముక్కు కుర్రతనంలో ఎవరో విరగ్గొట్టారట, అది ఒక పక్కకి తిరిగి ఉండేది. ఇక ఆ గొంతు! వీధి ఆ చివర నిలబడి "తోళ్లొచ్చాయ్" అన్నాడంటే ఈ చివర మేం రంగులు కలిపే గిన్నెలో గుడ్డు తెల్లసొన వణికేది.

వచ్చిన ప్రతిసారీ గొడవే.

"ఇది దూడతోలా, ముసలి గొర్రెతోలా మేస్త్రీ? కుంచె పెడితే గీరుకుంటోంది."

"మీ కుంచెకి బద్ధకమైతే నా తోలేం చేస్తుంది? నురగరాయితో నాలుగు రుద్దులు రుద్దుకోండి. చేతులేం అరిగిపోవు."

"అది కూడా నేనే చేసుకుంటే ఇక మీరెందుకండీ?"

"తిట్టడానికి మీకు ఎవరో ఒకరు ఉండాలి కదా, అందుకు."

అతను వెళ్లిపోయాక అమ్మ ఆ తోలునే చెంపకి ఆనించుకుని చూసేది. "బాగానే ఉందిలే," అనేది నాతో మాత్రం.

ఆ ఏడు వసంతంలో మహో అమ్మగారు మా ఇంటికొచ్చారు. ఉన్నిబట్టల వర్తకుడి భార్య, భర్త పోయి పెద్ద ఇంట్లో ఒక్కతే ఉంటోంది. చేతికర్ర పొడుచుకుంటూ లోపలికొచ్చి, ఎవరూ చెప్పకుండానే కూర్చుని, తనకో ప్రార్థనల పుస్తకం కావాలంది.

"అక్షరాలు పెద్దవి కావాలా అమ్మగారూ?" అని అడిగింది అమ్మ.

"అక్షరాలతో నాకేం పనే? ప్రార్థనలన్నీ నోటికొచ్చు. నాకు చూడ్డానికి కావాలి. చర్చిలో ఫాదిరీ రాగం తీస్తుంటే కళ్లు మూతలు పడిపోతున్నాయి. మరియ తల్లిని మాత్రం చక్కగా వెయ్యి. అంచుల్లో నీ ఇష్టం. కోతులు వెయ్యి, వేటకుక్కని తరిమే కుందేలుని వెయ్యి, నత్తని చూసి కత్తి పారేసి పరిగెత్తే సైనికుణ్ణి వెయ్యి. నేను నవ్వితే దేవుడికేం కోపం రాదు, ఆయన నన్ను చాలాకాలంగా ఎరుగును."

అమ్మకి అలాంటి మనిషి దొరకడమే పండగ. తోళ్లు ఎవ్రార్ దగ్గర్నించి నేరుగా రాతగాడి ఇంటికి వెళ్లాయి. రాత అయిపోయి పత్రాలు మా ఇంటికొచ్చాక ఒక్కొక్కటే కిటికీ దగ్గర పట్టుకుని చూస్తున్నాం. సాయంకాలపు ప్రార్థన ఉన్న పత్రం చూడగానే అమ్మ చెయ్యి ఆగిపోయింది. రాతకి కింద, అంచులో, చిక్కుడుగింజ పట్టేంత చిల్లు.

తోలు తడిగా ఉన్నప్పుడు కత్తి కొన తగిలితే చీమంత గాటు పడుతుంది. చట్రానికి కట్టి లాగేసరికి అదే గుండ్రంగా తెరుచుకుంటుంది. అలాంటివి పల్లెటూరి ఫాదిరీల పుస్తకాల్లో పోతాయి గానీ మహో అమ్మగారి పుస్తకంలోనా? పైగా రాత కూడా అయిపోయింది. వెనక్కివ్వడానికి లేదు.

సరిగ్గా అప్పుడే ఎవ్రార్ కట్ట భుజాన వేసుకుని వీధిలో వస్తున్నాడు. అమ్మ గుమ్మంలోకి దూసుకెళ్లింది.

"ఏం మేస్త్రీ, ఇదేంటి?"

ఎవ్రార్ చూశాడు. మొహం కొంచెం ఎర్రబడింది. "దూడని జోరీగ కుట్టింది. వెళ్లి జోరీగనడగండి."

"జోరీగ కుడితే సూదిమొనంత ఉంటుంది. ఇదిగో," అంటూ అమ్మ పత్రాన్ని కంటి ముందు పెట్టుకుంది, "ఇందులోంచి మీ మొహం కనిపిస్తోంది నాకు!"

"అయితే అదృష్టవంతులే!" అని అరిచాడు ఎవ్రార్. వీధి మొత్తం కిటికీలు తెరుచుకున్నాయి. "రాతగాడు మాట్లాడకుండా రాసుకున్నాడు. మీకేనా వచ్చింది నొప్పి? చుట్టూ ఓ పువ్వు వేసి పారెయ్యండి! అంత చేతకాకపోతే నేనే వచ్చి వేస్తా!"

అమ్మ చిల్లులోంచి చూస్తూ అలాగే నిలబడిపోయింది. తర్వాత తలుపు వేసి లోపలికొచ్చి, ఈక కలం చెక్కుకుని కూర్చుంది. పెదవుల చివర నవ్వు దాచుకుంటోంది. ఆ నవ్వు నాన్న పోయాక నేను చూడ్డం అదే మొదలు.

చిల్లు చుట్టూ ముందు ఒక నోరు వేసింది, బాగా తెరిచిన నోరు. దాని మీద పక్కకి తిరిగిన ముక్కు, పైన రెండు గడ్డిమోపుల కనుబొమలు, తల మీద ఎవ్రార్ పెట్టుకునే బూడిదరంగు టోపీ. మనిషిని మేక మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టింది. అంతటితో ఊరుకోలేదు. దాని కిందికి వచ్చే పేజీలో, సరిగ్గా చిల్లు పడే చోట, ఎర్రటి స్ట్రాబెర్రీ పండు వేసింది. పుస్తకం తెరిస్తే ఆ అరిచే నోట్లో పండు కుక్కినట్టుంటుంది. పత్రం తిప్పితే వెనక వైపు అదే చిల్లు తేనెపట్టు గూటికి వాకిలి, చుట్టూ తేనెటీగలు.

"అమ్మా, అతను చూస్తే?" అన్నాను.

"అతనెక్కడ చూస్తాడే? మహో అమ్మగారి ఇంట్లోకి తోళ్లవాణ్ణి ఎవరు రానిస్తారు?"

అమ్మ మర్చిపోయింది, పుస్తకం ఆవిడ దగ్గరికి వెళ్లేలోగా అట్టలు వేసేవాడి చేతిలో పడుతుందని. అతను కడుపు చేత్తో పట్టుకుని నవ్వి, ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించాడు. పుస్తకం మహో అమ్మగారికి చేరేలోపే వీధంతా పాకిపోయింది. రొట్టెలవాడు ఎవ్రార్ కనిపిస్తే చాలు, "నోరు తెరువు మేస్త్రీ, పండు పెడతా!" అనేవాడు. చాకలి ఆడవాళ్లు మేకల్లా అరిచేవాళ్లు.

ఎవ్రార్ మా వీధికి రావడం మానేశాడు. తోళ్లు బండివాడితో పంపేవాడు.

అవి ఎలాంటి తోళ్లనుకున్నారు! పాలమీగడ రంగు, ఎక్కడా మచ్చ లేదు, వేళ్లతో తాకితే పసిపాప వీపులా ఉన్నాయి. అమ్మ ఒక్కొక్కటీ ఎండకి ఎత్తి పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, తప్పు కోసం వెతికేది. దొరికేది కాదు. చిరాకుగా పక్కన పడేసేది.

"ఇంత బాగా చేసి పంపితే ఏమనాలి మనిషిని?" అంది ఒకరోజు.

"బాగుందని కబురు పంపొచ్చుగా?"

"నీ పని నువ్వు చూసుకో. ఆ ఆకు చూడు, గాడిద చెవిలా వేశావు."

నా ఆకులో ఏ లోపమూ లేదు. ఆమెకేమైందో నాకు అర్థమైంది. అర్థమై, భయం కూడా వేసింది. అమ్మ కిటికీ దగ్గర నాన్న పీట ఇంకా అలాగే ఉంది. ఆమె ఎవ్రార్ వెంట బియెవ్ర్ వాగు ఒడ్డున, అతను తోళ్లు నానబెట్టే సున్నపు తొట్ల మధ్యకి వెళ్లిపోతే, ఈ కుంచెలూ, ఈ వెలుగూ, నేనూ ఏమైపోతాం?

ఆ వారం ఎండ బాగా కాసిన పొద్దున అమ్మ ఉతికిన తలగుడ్డ కట్టుకుని, "పద, తోళ్లు మనమే చూసి తెచ్చుకుందాం," అంది. నేను వెంట నడిచాను.

వాగు ఒడ్డున వాసన ముందు కళ్లకి తగులుతుంది, తర్వాతే ముక్కుకి. సున్నపు నీళ్లలో నానుతున్న తోళ్లు, పక్కన గీకిన వెంట్రుకల కుప్పలు. ఎవ్రార్ చట్రం ముందు నిలబడి నెలవంక కత్తితో తోలు గీకుతున్నాడు. అంత పెద్ద మనిషి అంత మెల్లగా చెయ్యి కదపడం నేనెప్పుడూ చూడలేదు. మమ్మల్ని చూసి కత్తి దించాడు.

"తోలులో ఏం తప్పొచ్చింది?" అన్నాడు. గొంతు మామూలుగా ఉంది. అదే వింతగా అనిపించింది.

"ఏం రాలేదు. ఎందుకు రాలేదో అడగడానికొచ్చా," అంది అమ్మ. "కోపమొచ్చిందా?"

"నా నోరు అంత పెద్దదా?"

"దానికంటే పెద్దది. పత్రంలో చోటు చాలక తగ్గించా."

ఎవ్రార్ నవ్వాపుకోవడానికి తల పక్కకి తిప్పుకున్నాడు. కత్తి అంచు తుడిచాడు.

"కోపం కాదండీ. ఊరంతా చూసింది, నేను తప్ప. ఇన్నేళ్లుగా తోళ్లు చేస్తున్నా. అందరూ బంగారం చూస్తారు, మీ మరియ తల్లి నీలిరంగు పైవస్త్రం చూస్తారు. కింద తోలుందని ఎవడికి గుర్తు? ఒక్క పుస్తకంలో నేనున్నా, మేక మీదైతేనేం. అదైనా చూద్దామంటే ఎవర్నడగాలి? అట్టలవాణ్ణి అడిగితే మళ్లీ నవ్వుతాడు. మీ గుమ్మంలోకొచ్చి అడగడానికి సిగ్గేసింది."

అమ్మ కళ్లు దించుకుంది. "ఆదివారం పూజ అయ్యాక రండి," అంది. "మహో అమ్మగారింటికి నేను తీసుకెళ్తా. స్నానం చేసి రండి. వాగులో కాదు, మంచి నీళ్లతో."

ఆదివారం వచ్చిన మనిషిని నేను గుర్తుపట్టలేదు. ఒళ్లంతా తోమి తోమి ఎర్రగా ఉన్నాడు. ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్న కోటు భుజాల దగ్గర పిగిలిపోయేలా ఉంది. దారి పొడుగునా ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

మహో అమ్మగారు నిప్పుల దగ్గర కూర్చుని ఉంది. ఎవ్రార్‌ని గుమ్మంలో చూడగానే చేతికర్ర నేలకేసి కొట్టింది.

"అరె, నువ్వేనా! రా రా, ఇలా వెలుగులోకి రా. ముక్కు అచ్చుగుద్దినట్టు దిగింది. సాయంకాలం ప్రార్థనలో రోజూ చూస్తున్నా కదయ్యా నిన్ను. మా ఆయన కూడా నీలాగే అరిచేవాడు. పోయాక ఈ ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో నీకేం తెలుసు! నువ్వొచ్చాక కాస్త నయం."

పుస్తకం తెప్పించి, తనే ఆ పేజీ తీసి అతని ముందు పెట్టింది. ఎవ్రార్ చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. టోపీ, మేక, నోట్లో ఎర్రటి పండు.

"తాకొచ్చా?" అని అడిగాడు.

"నీ తోలే కదయ్యా."

వేలి కొనతో చిల్లు అంచు చుట్టూ మెల్లగా నిమిరాడు. "జోరీగ కాదు," అన్నాడు.

"తెలుసు," అంది అమ్మ.

"కత్తి జారింది. అంతకుముందు వారం మీరన్నారు, నా తోళ్లు ముసలి గొర్రెలవని. మళ్లీ వచ్చినప్పుడు దానికేం జవాబు చెప్పాలా అని ఆలోచిస్తున్నా. మంచి జవాబు తట్టింది. నాలో నేను నవ్వుకున్నా. అంతే, కత్తి కొన దిగింది."

అమ్మ మెడ దాకా ఎర్రబడింది. "ఏంటా జవాబు?" అంది చిన్నగా.

"చిల్లు చూడగానే మర్చిపోయా."

మహో అమ్మగారు మొదట నవ్వింది, తర్వాత దగ్గింది, తర్వాత కళ్లు తుడుచుకుంది. "ఏమే సెదీల్, ఇలాంటి పని ఊరికే చేస్తాడా మగాడు? ఇక వీధిలో నిలబడి అరుచుకోవడం చాలు. లోపల కూర్చుని అరుచుకోండి."

దారిలో వెనక్కి వస్తున్నప్పుడు మాత్రం ఇద్దరూ ఆగకుండా మాట్లాడుకున్నారు. సున్నం గురించి, వాన గురించి, బండివాడి తాగుడు గురించి. నేను నాలుగడుగులు వెనక నడిచాను.

ద్రాక్షకోతలు అయ్యాక సెవెరిన్ చర్చి గుమ్మం దగ్గర పెళ్లి జరిగింది. విందుకి మలుగుచేపలు కూరి కాల్చిన రొట్టె, మిరియాలు వేసి కాచిన వైన్. రొట్టెలవాడు తాగి మేకలా అరిస్తే, ఎవ్రార్ తిరిగి అరిచాడు, అందరికంటే గట్టిగా.

అమ్మ నన్ను వదిలి వాగు ఒడ్డుకి పోలేదు. ఎవ్రారే మా ఇంటికొచ్చాడు. మొదటి రోజు లోపలికి రాగానే కిటికీ దగ్గర పీట చూసి నన్నడిగాడు.

"ఎవరిదమ్మా ఇది?"

"నాన్నది."

"అయితే దాన్నక్కడే ఉండనీ. నాకు ఈ మూల చాలు," అని తోళ్ల కట్ట మీద కూర్చున్నాడు. నేను లేచి, ఆ మూలలో ఉన్న రంగుల గిన్నెలు జరిపి అతనికి చోటు చేశాను.

వారానికోసారి అమ్మ అతనితో వాగు దగ్గరికి వెళ్లి తోళ్లు తనే ఏరుకునేది. ఒకసారి అలా వెళ్తూ, పేజీ మొదట్లో బంగారం వెయ్యాల్సిన పెద్ద అక్షరం ఒకటి నాకు వదిలేసింది. బంగారు రేకు అంతకుముందు ఎప్పుడూ నా చేతికిచ్చింది కాదు. సుద్దా జిగురూ కలిపి వేసిన పూత మీద వంగి, నోటితో మెల్లగా ఆవిరి ఊదాను. అది చెమ్మగిల్లగానే రేకు దించాను. ఆరాక కుక్కపన్ను బిగించిన పిడితో రుద్ది మెరుగు పెట్టాను. కిటికీలోంచి పడ్డ ఎండ ఆ అక్షరం మీద వాలి, గోడ మీదకి ఎగిరి, అక్కడ వణుకుతూ నిలబడింది.

మధ్యాహ్నానికి వాళ్లిద్దరూ వాదించుకుంటూ లోపలికొచ్చారు, ఎవరు ఏరిన తోలు మంచిదని. అమ్మ చెప్పులు విప్పకుండానే పత్రం ఎత్తి చూసింది. ఎవ్రార్ ఆమె భుజం మీదుగా తొంగి చూశాడు. కొంచెంసేపు ఇద్దరూ వాదన మర్చిపోయారు.

"అక్కడ ఊపిరి కాస్త ఎక్కువైంది," అంది అమ్మ. మళ్లీ చూసింది. "పర్లేదులే. రేపట్నించి బంగారం నువ్వే వెయ్యి."

ఎవ్రార్ ఉప్పు పందిమాంసం వేసిన బఠాణీల కుండ నిప్పుల మీద పెడుతూ, "ఆకలేస్తోంది, రండి," అన్నాడు. మేం వెళ్లి తిన్నాం.