కళ్ళద్దాల బోణీ

హ్యోన్‌జు బిడ్డను దుప్పట్లో చుట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తింది. అప్పుడే తెల్లవారుతోంది. మూడేళ్ళ బొరామ్ ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఇంట్లో ఒకసారి ఫిట్స్ వచ్చి కళ్ళు తేలేసింది. మొగుడిది ఓడ పని, సముద్రం మీద ఉన్నాడు. పెద్దాసుపత్రి నది అవతల.

మొదటి టాక్సీ ఆగింది. డ్రైవరు అద్దం దించి ఆమె ముఖం చూశాడు.

"థూ! పొద్దున్నే కళ్ళద్దాల ఆడదా! నా బోణీ మట్టిగొట్టుకుపోవాలనా?"

పోయాడు. రెండోవాడు దగ్గరికొచ్చి, చూసి, వేగం పెంచాడు.

కొరియాలోని ఈ డేగు ఊళ్ళో ఇది అందరికీ తెలిసిందే. తొలి బేరం ఆడమనిషైతే అరిష్టం. ఆమెకు కళ్ళద్దాలు కూడా ఉంటే ఆ రోజు యాక్సిడెంటే. అందుకే హ్యోన్‌జు ఎన్నడూ పొద్దున టాక్సీ ఎక్కేది కాదు. జ్వరం అవన్నీ చూసుకుని రాదు గదా.

టోఫు అమ్మే ముసలమ్మ బండి ఆపి అరిచింది. "పిచ్చిదానా, ఆ అద్దాలు తియ్యవే! వాటితో నిలబడితే యముడు తప్ప ఎవడూ ఆపడు."

తీసి జేబులో వేసుకుంది. అవి లేకపోతే ఆమెకు దూరమూ ఆనదు, దగ్గర అసలే ఆనదు. వచ్చిన ప్రతి మసక దీపానికీ చెయ్యెత్తింది. ఒకటి ఆగింది.

"ఎక్కమ్మా. అయ్యో, పసిదానికేమైంది?" మంచివాడే. హీటరు పెంచాడు. "భయపడకు. ఈ రోజు నువ్వే నా బోణీ. ఆడమనిషైతే నాకు పట్టింపు లేదు, కళ్ళద్దాలంటేనే భయం. మొన్న చూసుకోక ఓ కళ్ళద్దాలదాన్ని ఎక్కించుకున్నా. పదింటికల్లా బస్సును గుద్దుకున్నా. ఇంకోసారైతే నడివంతెన మీదైనా సరే దించేస్తా, ఒట్టు!"

హ్యోన్‌జు ముక్కు మీది అద్దాల గుర్తులను చేత్తో కప్పుకుంది.

వంతెన మీదికి వచ్చారు. ఒళ్ళో బిడ్డ బిగుసుకుపోయింది, కొట్టుకుంది, మెత్తబడింది. పిలిస్తే పలకలేదు. వంగి చూసింది. తెల్లటి మసక, అంతే. చెవి పెట్టింది. ఇంజను చప్పుడే తప్ప ఊపిరి వినపడలేదు. ఈ చలిలో ఇక్కడ దించేస్తే? చెయ్యి జేబులోకి వెళ్ళి ఆగింది. మళ్ళీ వెళ్ళింది.

అద్దాలు పెట్టుకుంది.

పెదాలు నీలం. నోటినిండా వాంతి. పక్కకు తిప్పి వేలితో తోడింది, మళ్ళీ తోడింది. బిడ్డ గట్టిగా దగ్గి ఊపిరి లాగింది.

తలెత్తితే ముందు అద్దంలో డ్రైవరు కళ్ళు. కారు నెమ్మదించింది.

"దించకు, అన్నా," అంది. "అద్దాలు పెట్టుకోకపోతే బిడ్డ దక్కేది కాదు."

అతను హారను మీద చెయ్యి వేసి, తియ్యకుండా తోలాడు. రెండు ఎర్రదీపాలు దాటించాడు.

ఆసుపత్రి గుమ్మంలో నర్సు బిడ్డను అందుకుంది. హ్యోన్‌జు డబ్బు ఇవ్వబోతే అతను చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"వద్దు! తీసుకుంటే నువ్వే బోణీ అవుతావు. నువ్వు నా బండి ఎక్కలేదు, నేను నిన్ను చూళ్ళేదు. పో తల్లీ, బిడ్డ దగ్గరికి పో."

లోపల బొరామ్ ఏడుపు వినపడింది. హ్యోన్‌జు గోడ పట్టుకుని అటు నడిచింది.