పిట్ట వెనక తెలుపు

యమాదొరి అనే కొండకోడి పుంజు మూరెడు తోకేసుకుని లోయ వెంట దిగిందంటే బాణమే. పైన దాన్ని లేపేవాడొకడు, కింద వాగులో తుపాకితో కాచుకునేవాడొకడు. కిందివాడికి ఒకటే కట్టడి. పిట్ట వెనక ఆకాశం కనిపిస్తేనే పేల్చాలి. చెట్టు కనిపించినా, గట్టు కనిపించినా గొట్టం దించెయ్యాలి. పైవాడు ఆ గట్టు మీదే ఉంటాడు.

తొరాజో వాగులో నిలబడ్డాడు. పైన ఉన్నది అతని బావమరిది యసోకిచి, గోమ అనే కుక్కతో.

పొద్దున బయల్దేరేటప్పుడు తొరాజో భార్య కినూ అన్నంముద్దలు మూటగట్టి ఇస్తూ, "మా తమ్ముడి చొక్కాలు ఉతకలేక చస్తున్నా. కాస్త చూసి నడవమనండి," అంది.

"కొండెక్కితే చాలు, పందిలా బురదలో దొర్లుతాడు," అని తొరాజో నవ్వాడు.

"ముసలికాళ్ళు బావా, జారుతున్నాయి," అన్నాడు యసోకిచి.

తొరాజో కుడికంట్లో పొర కమ్మి రెండేళ్ళయింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే తుపాకి గోడకెక్కుతుంది. ఈ శరత్తులో పట్నంలో మట్టిపళ్ళేలు ఎగరేసి కాల్చే చోటికి రమ్మంటే, గుట్టు బయటపడుతుందని మోకాళ్ళ నొప్పి వంకతో తప్పించుకున్నాడు.

పొగమంచు దిగింది. పైన గోమ మెడలో గంట మోగుతూ మోగుతూ ఆగిపోయింది. కుక్క పిట్టను పసిగట్టి నిలిచిందన్నమాట.

"వస్తోంది బావా! పుంజు!"

రెక్కల చప్పుడు లోయంతా నిండింది. తుపాకి భుజానికి చేరింది. గొట్టం తోకను అందుకుంది, ముక్కును దాటింది. చెయ్యి ఆపకుండా నొక్కడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. పిట్ట వెనక తెల్లగా ఉంది. పేల్చాడు.

పిట్ట పడలేదు. మోత సద్దుమణిగింది. గాలి వీచి మంచు కదిలింది. ఇందాక తెల్లగా ఉన్నచోట దేవదారు మాను నిలబడి ఉంది.

"యసో!"

పలుకు లేదు. గంట కూడా మోగలేదు.

తొరాజో గట్టుకు ఎగబాకాడు. రాళ్ళు జారుతున్నా, మోకాళ్ళు చెక్కుకుపోతున్నా తెలియలేదు. ఇంటికి వెళ్ళి ఏం చెప్పాలి? తలుపు తియ్యగానే కినూ ముందు తమ్ముడి చొక్కా చూస్తుంది.

మాను దగ్గరికి చేరాడు. వేలితో తడిమాడు. మనిషి రొమ్ము ఎత్తున సీసం గుండ్లు దిగి, బెరడు తడితడిగా చిట్లి ఉంది. ఆ వెనక ఫెర్న్ పొదల్లో యసోకిచి బోర్లా పడి ఉన్నాడు. కుక్క అతని చంకకింద ఉంది.

"ఒరేయ్... యసో..."

"రెండో గొట్టం ఖాళీ చెయ్యి బావా. అప్పుడు లేస్తా."

తొరాజో తుపాకిని మడత దగ్గర విరిచి తెరిచాడు. తూటా ఆకుల్లో పడింది. యసోకిచి లేచాడు. గంట మీంచి చెయ్యి తీశాడు. రొమ్ము నుంచి మోకాలిదాకా బురద.

"జారిపడ్డావా?" అన్నాడు తొరాజో. అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"నేనెప్పుడు జారాను? పుంజు లేచిందంటే చాలు, బోర్లా పడుకుంటున్నా. పోయినేడాది నుంచీ."

"రానని చెప్పొచ్చుగా, వెధవా!"

"నేను రానంటే ఇంకెవణ్ణో పైకి పంపుతావు. వాడికి పడుకోవాలని తెలీదుగా."

తొరాజో తుపాకి యసోకిచి చేతిలో పెట్టి, ముందు నడిచాడు.

దారి ఇరుకు. వెనక యసోకిచి అడుగులు వినిపిస్తున్నాయి. తుపాకి ఖాళీ అని తెలుసు. తన చేత్తోనే ఖాళీ చేశాడు. అయినా వీపు మీద చీమలు పాకుతున్నట్టుంది. నాలుగడుగులు వేసి ఆగాడు.

"తుపాకి మూసేశావా?"

"తెరిచే ఉంది బావా. చూసుకో."

తొరాజో వెనక్కి తిరిగాడు. తెలుపు. ఆ తెలుపులో ఎక్కడో బావమరిది, ఎక్కడో గొట్టాలు.

"కనబడట్లేదురా," అన్నాడు.