తెల్లచీరలో చుట్టిన ఫ్లాస్కు

మూడోసారి బ్యాగు విప్పేసరికి నాకు ఒళ్లు మండింది. ఐస్ ముక్కలేసి నేను సర్దిన ఫ్లాస్కు లేదు. దాని చోట మా అత్తగారు సంపూర్ణమ్మ మంగళగిరి తెల్లచీర ఉంది. పోయాక శవపెట్టెలోకి కట్టాలని దాచుకున్న చీర. ఫ్లాస్కులో ఉండాల్సిన ఆవిడ ఇన్సులిన్ మళ్లీ ఫ్రిజ్‌లోకి చేరింది.

రెండు రోజులుగా వాన. బుడమేరు పొంగుతోందని సింగ్‌నగర్ వీధుల్లో మైకులో అరుస్తున్నారు. మా ఆయన గన్నవరంలో డ్యూటీలో చిక్కుకుపోయాడు. పడవొస్తే ఇంటికి ఒక్క బ్యాగే ఎక్కించుకుంటారు.

"ఇది బతకడానికి సర్దిన బ్యాగు అత్తయ్యా, చావడానికి కాదు!"

"మీ మామయ్యని దేంట్లో చుట్టి పడవలోకి దించారో మర్చిపోయావా?"

మర్చిపోలేదు. పోయిన వరదలో మామయ్య మూడో రోజు డాబా మీదే పోయారు. కప్పడానికి పొడిబట్ట లేక ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీలో చుట్టాం. మేం ప్రార్థన చేస్తుంటే దాని మీద బొమ్మలోని మనిషి చేతులు జోడించి నవ్వుతూనే ఉన్నాడు.

"నీళ్లు గుమ్మం దాటగానే టీవీ మోశావు పైకి. ఆయన మందు ఫ్రిజ్‌లో వదిలేశావు."

ఇన్నాళ్లూ కంచం నా ముందు విసిరినట్టు పెట్టేదే తప్ప ఆ మాట అనలేదు. ఇప్పుడు అనేసింది. సిగ్గేసింది. నిజం కాబట్టి అంతకంటే కోపమొచ్చింది.

"అవును, వదిలేశాను! మీరు కూడా పోయి నా మీద కక్ష తీర్చుకుంటారా?"

"తెల్లగా పోతానే. నీ చేతి మందు నాకొద్దు."

బ్యాగులోంచి నా బట్టల జత తీసి మంచం మీదికి విసిరాను. ఇన్సులిన్ తెచ్చి ఫ్లాస్కులో పెట్టాను. ఆవిడ కేకలేస్తుండగానే దాన్ని తెల్లచీరలో చుట్టి ముడి మీద ముడి వేసి బ్యాగులో కుక్కాను.

"ఇప్పుడు మందు తీసేయాలంటే చీర కూడా బయటికే. తీయండి చూద్దాం."

"మడత నలిపేశావు కదే, పాపిష్టిదానా!"

"ఇస్త్రీ చేయిస్తాలెండి. ఇప్పుడే కట్టుకోరుగా."

వీధి చివర నీళ్లొచ్చాయని ఎవరో అరిచారు. బ్యాగు అందుకోబోయాను. అత్తయ్య నా చెయ్యి తోసేసి, జిప్పు లాగి, భుజానికి తగిలించుకుంది.

"నేనే మోసుకుంటా. నిన్ను నమ్మి ఒకసారి చూశాం."

ఆ మాట గుండెల్లో దిగింది. దిగితే దిగిందిలే. మెట్లెక్కుతున్నంతసేపూ ఆవిడ చెయ్యి ఆ బ్యాగుని వదల్లేదు.